ఒక్క సెల్ఫుకే పట్టిన బండి

సంచి అడుగున దుప్పటి పెట్టాలి. దాని మీద ఆస్పత్రి ఫైలు. ఫైలు మీద మార్చుకోవడానికి ఒక చొక్కా, ఉన్ని మేజోళ్ళు, తువ్వాలు. ఆ పైన ఇడ్లీల డబ్బా, అరగ్లాసు మాత్రమే పట్టే నీళ్ళ సీసా, సింహాచలం కుంకుమ పొట్లం. అమ్మన్నమ్మ మంచం మీద సంచి నోరు తెరిచి పెట్టుకుని, ఒక్కో వస్తువు పేరూ పైకి అనుకుంటూ సర్దుతోంది. అన్నీ అయ్యాక ఇంటి తాళంచెవి వేసింది.

ఆ తాళంచెవి సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. గడప దాటేవాడి సంచిలో ఇంటి తాళంచెవి ఉంటే, తలుపు తీయడానికైనా ఆ మనిషి తిరిగి రాక తప్పదని ఆమె నమ్మకం. పెద్దలు చెప్పిన ఆచారం కాదు, సొంతంగా పెట్టుకున్నదే. ఆమెకు ఇరవయ్యో ఏడు నడుస్తుండగా మొగుడు విజయనగరంలో ఖరగ్‌పూర్ వెళ్ళే రైలెక్కాడు. రెండు ఉత్తరాలు రాశాడు. ఆమెకు చదువు రాదు. ఆ ఉత్తరాలు పట్టుకుని పోస్టుమాస్టరు గుమ్మంలో నిలబడాల్సి వచ్చింది. మొగుడు రాసిన మాటలు పరాయి మగాడి నోట వినడం నామోషీ అనిపించి, పొట్లాల కాగితాలూ గోడల మీది సినిమా పోస్టర్లూ బస్సు బోర్డులూ చూసుకుంటూ తనంత తానే అక్షరాలు కూడబలుక్కుంది. చదవడం వచ్చింది. మూడో ఉత్తరం మాత్రం రాలేదు. మనిషీ రాలేదు.

ఇప్పుడు ఆమెకు డెబ్బై రెండు. తనవాళ్ళంటూ మిగిలింది తమ్ముడు బాబ్జీ ఒక్కడే. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన ఆ పిల్లాడికి అరవై మూడేళ్ళొచ్చాయి. రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. మంగళ, గురు, శనివారాల్లో బేగంపేటలోని ఒక ఆస్పత్రిలో నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. ఉదయం ఆరున్నరకు అతని మంచం. ఆరూ ముప్పావు దాటిందంటే ఆ మంచం వెనక వరసలో కాచుకున్నవాళ్ళకు పోతుంది.

కింద సందులోంచి శబ్దం మొదలైంది. కిర్ర్ కిర్ర్ కిర్ర్. బాబ్జీ కారు సెల్ఫు కొడుతున్నాడు.

"ఒకటి," అనుకుంది అమ్మన్నమ్మ.

పది నెలలుగా చిలకలగూడలోని ఆ సందుకు తెల్లవారడమంటే అదే. చలికాలం వచ్చాక మరీ ఎక్కువైంది. పది పన్నెండుసార్లు కొడితే గాని ఇంజిను అందుకోదు. అందుకున్నాక దగ్గుతుంది, వణుకుతుంది, సైలెన్సరు గొట్టంలోంచి నల్లటి పొగ కక్కుతుంది. ఈలోగా అమ్మన్నమ్మ సంచి రెండోసారి విప్పి చూసుకుంటుంది. గ్యాసు కట్టిందో లేదో చూస్తుంది. వంటింట్లో కుళాయి బిగిస్తుంది. కాస్త బయటికొచ్చిన బీరువా సొరుగును లోపలికి తోస్తుంది. ఏ వస్తువైనా బయటికి పొడుచుకుని ఉంటే ఆమెకు ప్రాణం కుదుటపడదు.

"ఏంది బాబ్జీ!" కింది వాటాలోంచి ఇంటి యజమానురాలు విమలమ్మ గొంతు వినిపించింది. "కోడి కూసే పని లేకుండ అయిపాయె. రోజు పొద్దుగాల గీ కిర్రుకిర్రేనా?"

"మీకు అలారం పెట్టుకునే బాధ తప్పింది గదా విమలమ్మగారూ!"

"అలారమైతే ఒక్కపారి నెత్తి మీద కొడితే ఊకుంటది. ఆ పొగ జూడు! తులసమ్మ ఆకులన్ని మసిబారినయ్. ఆటోల పోతే ఏమైతది నీకు?"

ఆటో మాటెత్తితే బాబ్జీకి ఒళ్ళు మండుతుంది. ముప్పై ఏళ్ళు ఒక కంపెనీ పెద్దాయనకు కారు తోలాడు. ఆయన పోతూ పోతూ, ఎవరూ కొనని ఈ పాత నీలం కారును బాబ్జీ పేరున రాసిపోయాడు. కార్బురేటరు బండి. ఇప్పటి డ్రైవర్లకు దాన్ని చూస్తేనే నవ్వు. "ముప్పై ఏళ్ళు ఇంకోడిని వెనక కూకోబెట్టి తిప్పేనప్పా. ఈ ఒక్క బండిలోనే నేను యజమానిని. ఆటోలో మూటలాగ కూకుని మిషను మీదికి ఎల్లమంటావా?" అంటాడు అక్కతో.

ఆ మంగళవారం ఆమె లెక్క పదిహేడుకు వచ్చింది. తరువాత శబ్దమే ఆగిపోయింది. సంచి పట్టుకుని మెట్లు దిగేసరికి బాబ్జీ బానెట్టు ఎత్తి, నాలుగు ప్లగ్గులూ విప్పి, టార్చి వెలుతురులో గుడ్డతో తుడుస్తున్నాడు. ఒక్కోటీ పొయ్యిలోంచి తీసిన బొగ్గుముక్కలా ఉంది. పెట్రోలు కంపు సందంతా కొడుతోంది.

"ఏటయిందిరా?"

"సూడు! మొన్న శనివారం మార్చిన కొత్త ప్లగ్గులప్పా ఇవి! తడిసి ముద్దయిపోనాయి. పెట్రోలు తాగడం కాదు, తానం సేస్తోందిది!"

ప్లగ్గులు ఆరబెట్టి బిగించేసరికి ఆరూ పది. బండి కదిలేసరికి ఆరూ పాతిక. అమ్మన్నమ్మ ముందు సీట్లో కూర్చుంది. సంచి బరువు, మోకాళ్ళ మీద పెట్టుకోలేదు. ఇడ్లీలూ కుంకుమా ఉన్న సంచిని కాళ్ళ దగ్గర పెట్టడానికి మనసొప్పదు. అందుకే ఎప్పటిలాగే ఎదురుగా ఉన్న నల్లటి పిడికి తగిలించి, ప్యారడైజు సిగ్నలు దాటేవరకు కళ్ళు మూసుకుని సింహాద్రప్పన్నను తలుచుకుంది. ఆస్పత్రి ముందు దిగేటప్పుడు సంచి తీసుకుని, పిడిని బొటనవేలితో లోపలికి తోసింది. పరుగులాంటి నడకతో పైకి వెళ్ళారు. ఏడు కావడానికి అయిదు నిమిషాలు. మంచం మీద ఇంకెవరో ఉన్నారు.

మధ్యాహ్నం రెండింటి దాకా బల్ల మీద కూర్చున్నారు. ఆదివారం, సోమవారం తాగిన నీళ్ళూ తిన్న తిండీ అన్నీ బాబ్జీ ఒంట్లోనే ఉన్నాయి. పాదాలు బూరెల్లా ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుని, నోటితో గాలి పీలుస్తున్నాడు. అమ్మన్నమ్మ అతని వీపు రాస్తూ ఆ ఊపిరులు లెక్కపెట్టింది. అంతకుముందు నెలలో ఇలాగే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారికి డ్యూటీ డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి, "ఈయనకు ఇలా లేటు చేయకూడదమ్మా, గుండె తట్టుకోదు," అని చెప్పి వెళ్ళింది.

ఆ సాయంత్రం, మిషను మీంచి లేచి నిలబడే ఓపిక రాగానే, బాబ్జీ ఆమెను ఇంటి దగ్గర దింపి బండిని నేరుగా రాంగోపాల్‌పేట్ తీసుకెళ్ళాడు. అక్కడ పర్వతాలు షెడ్డు ఉంది. పాత బళ్ళు బాగుచేసే మెకానిక్కుల్లో మిగిలిన నలుగురైదుగురిలో ఒకడు. ఈ పది నెలల్లో కార్బురేటరు మూడుసార్లు విప్పి కడిగాడు. పెట్రోలు చిమ్మే జెట్టు మార్చాడు. పెట్రోలు మట్టం చూసుకునే ఫ్లోటు మార్చాడు. గాలి ఫిల్టరు, గ్యాస్కెట్టు మార్చాడు. స్క్రూ బిగించి, వదులు చేసి, చెవి పెట్టి విన్నాడు. మార్చిన ప్రతిసారీ బాబ్జీతో ట్యాంకుబండు దాకా వెళ్ళొచ్చేవాడు. ప్రతిసారీ బండి పెళ్ళికూతురిలా నడిచేది. రెండు రోజులకే మళ్ళీ పొగ, మళ్ళీ కిర్రుకిర్రు. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు నడిచేది కాస్తా ఆరుకు దిగింది.

"నేను సుత పరేషాన్ అయితున్న బాబ్జీ భాయ్," అన్నాడట పర్వతాలు. "నా తాన మంచిగుంటది, నీ ఇంటికి పోతే ఖరాబైతది. గిట్ల ఏ బండి జెయ్యలే. అసలు గీ తక్లీఫ్ ఎప్పటిసంది షురూ అయింది?"

"ఆస్పత్రికి తిరగడం మొదలెట్టిన కాడినుంచే."

"గట్లనా? అయితే ఎల్లుండి పొద్దుగాల నేనే మీ ఇంటికొస్త. చల్లగున్నప్పటి రోగం చల్లగున్నప్పుడే జూడాలె. రాత్రి దాన్ని ముట్టకు."

ఈ మాటలన్నీ బాబ్జీ ఇంటికొచ్చి చెబుతుంటే అమ్మన్నమ్మ వింది. ఆస్పత్రి మొదలైన దగ్గరినుంచే బండి పాడైందంటే దానికీ దిష్టి తగిలిందనుకుంది. బుధవారం సాయంత్రం నిమ్మకాయ కోసి చక్రాల కింద పెట్టింది. గురువారం సంచిలో ఇంకో రెండు వస్తువులు చేరాయి: ఆలస్యమైతే కప్పుకోవడానికి ఇంకో శాలువా, తినడానికి అటుకుల డబ్బా.

చెప్పినట్టే పర్వతాలు గురువారం అయిదుంపావుకు వచ్చాడు. మెడకు మఫ్లరు, చేతిలో ఒక్క స్క్రూడ్రైవరు. బానెట్టు ఎత్తలేదు. పక్కన నిలబడి చేతులు కట్టుకుని, "నీ అలవాటు ప్రకారమే చెయ్యి భాయ్. నేను లేననుకో," అన్నాడు.

బాబ్జీ చోక్ లాగాడు. సెల్ఫు కొట్టాడు. పదకొండోసారికి ఇంజిను పట్టింది. రెండు నిమిషాలు ఆగి, దగ్గు తగ్గాక, చోక్ లోపలికి నొక్కేశాడు. పర్వతాలు తల ఊపాడు. "దీంట్ల నీ తప్పేం లేదు."

"ముప్పై ఏళ్ళ డ్రైవర్ని! చోక్ తీయడం మర్చిపోతానా?"

అప్పటికి అమ్మన్నమ్మ మెట్లు దిగి వచ్చింది. పర్వతాలు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె ముందు కూర్చుని తలుపు వేసుకుని, సంచిని ఎదురుగా పిడికి తగిలించింది. బండి కదిలింది. చిలకలగూడ మలుపు తిరిగేలోపే ఇంజిను గొంతు బరువెక్కింది. పర్వతాలు వెనక్కి తిరిగి అద్దంలోంచి పొగ చూశాడు. ముందుకు వంగి వాసన చూశాడు. ఇంకా ముందుకు వంగాడు. అతని తల రెండు సీట్ల మధ్యకు వచ్చింది.

"భాయ్, జెర పక్కకు ఆపు."

"టైము లేదు పర్వతాలూ—"

"ఆపుమంటున్న గద!"

బాబ్జీ మెట్రో స్తంభం పక్కన ఆపాడు. ఇంజిను నడుస్తూనే ఉంది, ఆయాసపడుతున్న మనిషిలా.

"అమ్మా, ఆ సంచి జెర తియ్యుండ్రి," అన్నాడు పర్వతాలు.

ఆమె తీసింది. సంచి మాటున దాక్కున్న పిడి రెండంగుళాలు బయటికి వచ్చి ఉంది. అమ్మన్నమ్మ వేలు తనకు తెలియకుండానే ముందుకు వెళ్ళి దాన్ని లోపలికి తోసేసింది. ఇంజిను ఒక్కసారి గొంతు సవరించుకుని నున్నగా తిరగడం మొదలెట్టింది.

పర్వతాలు సంచి వైపు వేలు చూపించాడు.

"ఇప్పుడు మళ్ళ తగిలియ్యుండ్రి."

తగిలించింది. ముగ్గురూ చూస్తుండగానే, సంచి బరువుకు పిడి మెల్లగా, నత్త కదిలినట్టు బయటికొచ్చింది. ఇంజిను మళ్ళీ దగ్గింది.

"అది చోక్ అమ్మా," అన్నాడు పర్వతాలు. కోపం లేదు గాని అలసట ఉంది గొంతులో. "చలికి బండి లేవకుంటె గాలి తగ్గిచ్చి పెట్రోలు ఎక్కువ తాపేది. రెండు నిమిషాల పని దానిది. మీరు బేగంపేట దాక తాపుతున్నరు, వచ్చేటప్పుడు సుత తాపుతున్నరు. గా మసి ప్లగ్గులకు పట్టి మర్నాడు లేస్తలేదు. దిగేటప్పుడేమో మీరే లోపటికి నూకుతున్నరు. నాకెట్ల దొరుకుతది దొంగ?"

బాబ్జీ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడేమో అనుకుంది ఆమె. తలెత్తాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పది నెలలప్పా! పది నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. సెవులు పోనాయనుకున్నాను, సేతులు పోనాయనుకున్నాను. డ్రైవరీ మర్చిపోనానని రాత్రుళ్ళు ఏడ్సేను! నీ ఇడ్లీల సంచా? రోజూ కళ్ళెదురుగా ఏలాడతన్నా, దాని మాటున పిడి బయటికి వస్తోందని తోచనేదు నాకు!"

"ఆ పిడి దేనికో నువ్వెప్పుడైనా సెప్పేవురా?" ఆమె సంచిని పిడి మీంచి తీసేసింది. "తినే వస్తువు కాళ్ళకాడ పెట్టనా? నాకేటి తెలుసు, సంచులు తగిలించుకోడానికే పెట్టేరనుకున్నాను!"

"సంచులు తగిలించుకోడానికి!" అని బాబ్జీ స్టీరింగును అరచేత్తో కొట్టాడు. హారను మోగింది. పక్కనుంచి పోతున్న పాలవాడు ఉలిక్కిపడి ఏదో తిట్టాడు. అప్పుడు పర్వతాలుకు నవ్వాగలేదు. ఆ తరువాత బాబ్జీకీ ఆగలేదు. అమ్మన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. సంచిని గుండెలకు హత్తుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మంగళవారం ఆ బల్ల మీద తను లెక్కపెట్టిన ఊపిరులన్నీ గుర్తొచ్చాయి. అతన్ని కాపాడాలని సర్దిన సంచే అతన్ని ఆ బల్ల మీద కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రమే పర్వతాలు ప్లగ్గులు శుభ్రం చేసి, డ్రైవరు సీటు వెనక ఒక ఇనుప కొక్కెం బిగించాడు. "అమ్మా, గిది మీ సీటు, గిది మీ కొక్కెం. ముందటికి రావొద్దు," అన్నాడు.

శనివారం బండి ఒక్క సెల్ఫుకే పట్టింది.

సందులో ఆ శబ్దం రాకపోయేసరికి విమలమ్మ బయటికొచ్చి చూసింది. విషయం తెలిశాక నడుము పట్టుకుని నవ్వింది. "ఇంజినీరమ్మా," అని పేరు పెట్టింది. ఆస్పత్రిలో పక్క మంచాలవాళ్ళకు బాబ్జీయే చెప్పాడు. నర్సులు సంచి చూసి నవ్వేవారు. అమ్మన్నమ్మ ఓర్చుకుంది. ఆలస్యం లేదు, మంచం పోలేదు, పాదాలు ఉబ్బలేదు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకుంది.

ఓర్చుకోలేనిది ఇంకొకటి వచ్చింది. ఆమె పొద్దుటి పనంతా ఆ పది పన్నెండు కిర్రుల మీద నడిచేది. ఇప్పుడు బాబ్జీ మెట్లు దిగిన నిమిషానికే బండి గుర్రుమంటుంది. రెండో నిమిషానికి హారను. మూడో నిమిషానికి కేక. "ఇంకా ఏటప్పా! బండి ఊపిరి పోసుకుని కూకుంది, నువ్వే లెగవలేదు!" ఆ తొందరలో ఒకరోజు తువ్వాలు మర్చిపోయింది. ఇంకోరోజు గ్యాసు కట్టానో లేదోనని ఆస్పత్రిలో నాలుగు గంటలూ చేతులు నలుపుకుంటూ కూర్చుంది. ఒకరోజు ఏకంగా తాళం వేయకుండానే వచ్చేశారు. నాలుగింటికే లేచి సర్దడం మొదలుపెట్టినా అంతే, ఎంత ముందు లేస్తే అంత అనుమానం. విప్పడం, చూడడం, మళ్ళీ సర్దడం. ఒకప్పుడు అతను బండి మీద విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ విసుగంతా ఆమె మీదికి తిరిగింది.

"నువ్వు రాకపోతే ఏటి?" అన్నాడు ఒక సోమవారం రాత్రి అన్నం తింటూ. "మోకాళ్ళు నొప్పులంటావు. నాలుగు గంటలు ఆ బల్ల మీద కూకోడం దేనికి? నేను ఎల్లొస్తాను. లీటరుకు పదిహేను ఇస్తోంది బండి. ఇప్పుడు నాకేటి భయం?"

"నేను వస్తాను," అంది.

"సంచి నేకుండా రా. బేగ్గ దిగుతావు."

"సంచి నేకుండా ఎలా వస్తాన్రా?"

అతను నవ్వి కంచం తీసుకుని లేచాడు.

మర్నాడు పొద్దున మేజోడు ఒకటి కనబడలేదు. దండెం మీద వెతికింది. మంచం కింద చూసింది. దుప్పటి మడతలోకి పోయిందేమోనని సంచి మొత్తం విప్పింది. కింద బండి పట్టింది, ఒక్క సెల్ఫుకే. హారను ఒకసారి మోగింది. మేజోడు తలగడ గలీబులో దొరికింది. దుప్పటి, ఫైలు, చొక్కా, మేజోళ్ళు, తువ్వాలు. హారను రెండోసారి మోగింది.

"వస్తన్నానురా!"

డబ్బా, సీసా, పొట్లం. తాళంచెవి వేసి, సంచి భుజాన వేసుకుని మెట్ల మీదికి వచ్చింది. పద్దెనిమిది మెట్లు. గోడ పట్టుకుని ఒక్కోటీ దిగాలి. తొమ్మిదో మెట్టు మీద ఉండగా కిందనుంచి బాబ్జీ గొంతు వినిపించింది. కోపంగా లేదు, హుషారుగా ఉంది.

"అప్పా, నువ్వుండిపో! ఆరైపోయింది. పదకొండున్నరకల్లా వచ్చేస్తాను, పడుకో!"

"ఒరే, సంచిరా! బాబ్జీ, సంచి!"

ఆమె వీధి గుమ్మం చేరేసరికి నీలం బండి సందు చివర మలుపు తిరుగుతోంది. పొగ లేదు. శబ్దం కూడా లేదు. విమలమ్మ ముగ్గుడబ్బా పట్టుకుని నిలబడి, "మంచిగైంది బండి, సప్పుడే లేదు," అంది మెచ్చుకోలుగా.

అమ్మన్నమ్మ ఆఖరి మెట్టు మీద కూర్చుంది. పైకెక్కే ఓపిక లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, చేయి లోపల పెట్టి తాళంచెవి తడుముకుంది. అది ఉంది. తొమ్మిదీ ఇరవైకి విమలమ్మ ఫోను మోగింది. ఆస్పత్రివాళ్ళ దగ్గరున్నది ఆ నంబరే. మిషను మీద మూడో గంట నడుస్తుండగా గుండె ఆగిందని, చేయవలసింది అంతా చేశామని చెప్పారు.

సాయంత్రం ఆస్పత్రి దగ్గరున్న కారును పర్వతాలు తెచ్చి సందులో పెట్టాడు. అక్కడ కూడా ఒక్క సెల్ఫుకే పట్టిందని, ఎవరూ అడగకుండానే చెప్పాడు.

బాబ్జీ తిరిగి రాలేదు. 2024 జనవరి 23, మంగళవారం.